లెవెల్ పెరిగింది సరే, మనిషి ఎదిగాడా?

మా అబ్బాయి పుణ్యమా అని ‘ముషోకు తెన్సెయ్’ అనే జపాన్ యానిమే (బొమ్మల సీరియల్) చూస్తున్నాను. ఇసెకాయ్, అంటే వేరే లోకానికి వెళ్లే కథ. చచ్చిపోయినవాడు ఇంకో లోకంలో పుట్టి మంత్రాల్లో మొనగాడవుతాడు. దీని మీద నాలుగు ముక్కలు రాద్దామంటే ‘క్యారెక్టర్ గ్రోత్’కి తెలుగు మాట దగ్గరే ఆగిపోయాను. తెలిసిన ఇద్దరు ముగ్గురిని అడిగాను. పెరుగుదలా, ఎదుగుదలా? దానికి కారణమయ్యేదాన్ని ‘ప్రేరణ’ అంటే సరిపోతుందా?

— ఎదుగుదలేనండీ. పెట్రోలు ధర పెరుగుతుంది, ఎదగదు. ఆటల్లో లెవెల్ కూడా అంతే.

— మరి ‘ఎదిగిన పిల్ల’ అంటే? అక్కడ వయసే కదా. మీరు చెప్పినంత గట్టి గీత లేదు మాస్టారూ.

— గీత సంగతి వదిలేయండి, ఆ కథే చూడండి. మొదటి జన్మలో వాడికి 34 ఏళ్లు. బడిలో పడ్డ అవమానంతో గదిలోంచి బయటికే రాలేదు. కొత్త లోకంలో ఐదేళ్లకే పెద్ద పెద్ద మంత్రాలు వచ్చేశాయి, కానీ ఇంటి గేటు దాటాలంటే వణుకు! గురువు రాక్సీ గుర్రమెక్కించి బయటికి తీసుకెళ్లాకే ఆ భయం వదిలింది. మంత్రం పెరగడం, గడప దాటడం వేరువేరు. ప్రేరణ అంటే నాకు సన్మాన సభ గుర్తొస్తుంది. వీణ్ణి కదిలించింది పోయిన జన్మ తాలూకు సిగ్గు, పక్కనున్న మనిషి. కథ పూర్తి పేరు రెండో సగంలో ‘హొంకి’ అనే మాటుంది. ‘వేరే లోకానికెళ్తే ఈసారి మనసు పెడతా’ అని దాని భావం. ‘మనసు పెట్టడం’ కన్నా మంచి మాట నాకు దొరకలేదు.

— ‘కసి’ అనకూడదా?

— కసికి ఎదుటివాడు కావాలండీ. వీడికి ఎవరిమీద? తనమీద తనకే. ‘రీ జీరో’ అనే ఇంకో ఇసెకాయ్‌లో హీరో సుబారుకైతే ‘బుద్ధి రావడం’ సరిపోతుంది. నిండు సభలో హీరోయిన్ ఎమీలియాకి నేనే రక్ష అని గొప్పలకు పోయి, జూలియస్ అనే వీరుడి చేతిలో తన్నులు తిన్నాడు. చచ్చిన ప్రతిసారీ కాలంలో వెనక్కి వెళ్లి మళ్లీ బతుకుతాడు వీడు; అప్పటికే చాలాసార్లు అలా వెనక్కొచ్చినవాడు! చావు వాడికి తప్పించుకునే దారి నేర్పింది గానీ బుద్ధి నేర్పలేదు. ఆ తర్వాత వాణ్ణి ప్రేమించే రెమ్ అనే అమ్మాయి కూర్చోబెట్టి మాట్లాడితే తేరుకున్నాడు.

— ఇంతకీ ఇసెకాయ్‌ని ఏమందాం? అందులో లోకం అనే అర్థమున్న ‘సెకాయ్’ సంస్కృత ‘లోకధాతు’కి చైనా బౌద్ధులు చేసిన అనువాదమే. అంటే సగం మాట మనదే. పరలోకం?

— చచ్చే కదా వెళ్తాడు, తప్పేం లేదు.

— అమ్మో, వద్దండీ! పరలోకం గురించి రాస్తున్నానంటే మా అత్తగారు కంగారుపడతారు. ‘వేరే లోకం’ అనేస్తాను. హెడ్డింగ్ మాత్రం దొరికింది: ‘గేటు దాటిన రోజు’.