పావ్‌సాక్స్ పోయిందా, పోగొట్టారా?

బ్లాక్‌స్టోన్ బాబాయ్:
నిన్న మసాచుసెట్స్‌లోని బేస్‌బాల్ జట్టు వూస్టర్ వూసాక్స్ గురించి మాట్లాడుకుంటుంటే ఒకాయన "పాత పావ్‌సాక్సే కదండీ, ఊరు మారిందంతే" అని తేల్చేశారు. అక్కడ గొడవెందుకని విడిగా ఇక్కడ పెడుతున్నా. రోడ్ ఐలాండ్‌లోని మైనర్ లీగ్ జట్టు పావ్‌టకెట్ రెడ్ సాక్స్, అదే మన పావ్‌సాక్స్, 2020తో పోయింది. పోగొట్టింది 2015లో దాన్ని కొన్న యజమానులు. కాదనేవాళ్ళు రండి.

కొత్తగా వచ్చా:
బాబాయ్ గారూ, నేను ప్రావిడెన్స్ వచ్చి ఆర్నెల్లే. మైనర్ లీగ్ అంటే మన రంజీ లాంటిదా?

బ్లాక్‌స్టోన్ బాబాయ్:
కొంతవరకే నాన్నా. ఇక్కడ ఆటగాళ్ళకి జీతాలిచ్చేది పైనున్న పెద్ద లీగ్ జట్టు బోస్టన్ రెడ్ సాక్స్. ఎవర్ని ఎప్పుడు పైకి పిలుచుకోవాలో కూడా వాళ్ళిష్టమే. కింది జట్టు యజమాని చేతిలో ఉండేవి స్టేడియం, టికెట్లు, హాట్‌డాగులు. ఈ రోజు కొట్టినవాడు రేపు ఉండడు. కాబట్టి ఊరి జనం మనసు పెట్టుకునేది స్టేడియం మీదే.

పావ్‌సాక్స్ ఆడిన మెక్‌కాయ్ స్టేడియం 1942 నాటిది. గ్యాలరీ మైదానం కన్నా బాగా ఎత్తులో ఉండేది, ఆటగాళ్ళు కూర్చునే చోటు సరిగ్గా దాని కింద. పిల్లలకి వాళ్ళు అందరు కదా, అందుకని ప్లాస్టిక్ పాలడబ్బాకి కంత కోసి, బంతీ పెన్నూ వేసి తాడు కట్టి కిందికి వదిలేవాళ్ళు. సంతకం అయ్యాక చేద లాగినట్టు లాగేసుకోవడమే. మా పెద్దాడికి ఆట ఒక్క ముక్క తెలీదు, డబ్బా దించడానికే వచ్చేవాడు.

ఇక 1981 సంగతి. మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్‌లలో అయిపోవాల్సిన ఆట. ఏప్రిల్ 18 రాత్రి రాచెస్టర్ జట్టు మీద మొదలై 32 ఇన్నింగ్స్ దాకా సాగి, ఈస్టర్ తెల్లవారుజామున 4:07కి 2-2 దగ్గర ఆగింది. విరిగిన బ్యాట్లు తగలేసి చలి కాచుకున్నారు. గ్యాలరీలో మిగిలింది 19 మంది! జూన్ 23న మళ్ళీ మొదలుపెడితే ఒక్క ఇన్నింగ్స్‌లో, 18 నిమిషాల్లో, డేవ్ కోజా కొట్టిన దెబ్బతో పావ్‌సాక్స్ 3-2తో గెలిచింది. ఇటు మన జట్టులో వేడ్ బాగ్స్, అటు రాచెస్టర్‌లో కాల్ రిప్కెన్, ఇద్దరూ తర్వాత బేస్‌బాల్ దిగ్గజాల హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్ళినవాళ్ళే. ఆ ఆట జరిగింది పావ్‌టకెట్‌లో. దాన్ని లారీలో ఎక్కించుకుని వూస్టర్ తీసుకెళ్తారా? 2009లో దక్కన్ ఛార్జర్స్ కొట్టిన కప్పుని సన్‌రైజర్స్ ఖాతాలో రాస్తామా?

లెక్కల మాస్టారు:
ఛార్జర్స్ పోలిక కుదరదు బాబాయ్. వాళ్ళ ఫ్రాంచైజీని 2012లో రద్దు చేశారు, తర్వాత వేరే యజమాని కొత్త వేలంలో కొన్నాడు. ఇక్కడ అదే యజమాన్యం, పైన అదే బోస్టన్, 40 మైళ్ళ అవతలికి కాపురం మార్చారు. అయినా పోయిందన్న మీ మాట ఒప్పుకుంటా. పోగొట్టింది ఎవరన్న దగ్గరే పేచీ.

2015లో కొత్త యజమానులు ప్రావిడెన్స్ నది పక్కన స్టేడియం కట్టుకుంటాం, 30 ఏళ్ళలో 12 కోట్ల డాలర్లివ్వండి అన్నారు. అది అత్యాశే. జనం తిట్టారు, ఆ సెప్టెంబరుకల్లా అటకెక్కింది. కానీ 2017 ప్రతిపాదన వేరు. పావ్‌టకెట్‌లోనే 8.3 కోట్లతో కట్టడం, అందులో జట్టు 4.5, రాష్ట్రం 2.3, నగరం 1.5. సగం పైన యజమానే పెడతానన్నాక ఇంకేం కావాలి? సెనేట్ సరేనంది, దిగువ సభ నాన్చింది. చివరికి 2018 జూన్‌లో బిల్లు పాసైంది గానీ అందులో అప్పుకి రాష్ట్రం పూచీ తీసేశారు. పూచీ లేని అప్పుకి వడ్డీ పెరుగుతుందని చిట్టీల మనిషికైనా తెలుసు. ఆగస్టులో వూస్టర్‌తో చేతులు కలిపేశారు.

బ్లాక్‌స్టోన్ బాబాయ్:
మాస్టారూ, ఆ నాన్చుడు ఎందుకొచ్చిందో చెప్పలేదే. 2010లో బోస్టన్ మాజీ ఆటగాడు కర్ట్ షిల్లింగ్ వీడియోగేమ్ కంపెనీకి ఇదే రాష్ట్రం 7.5 కోట్లకి పూచీ ఉంది. రెండేళ్ళలో ఆ కంపెనీ దివాలా. పాలు తాగి నోరు కాల్చుకున్న పిల్లి మజ్జిగని కూడా ఊదుకుంటుంది. పాత యజమాని బెన్ మాండర్ బతికుండగా ఇవన్నీ లేవు. ఉన్‌సాకెట్‌లో బట్టల మిల్లు నడిపిన మనిషి, 1977లో దివాలా తీసిన జట్టుని కొని కుటుంబాలొచ్చే చోటుగా మార్చాడు. 2010లో ఆయన పోయారు. అక్కడి నుంచే దిగజారుడు.

వూస్టర్ శీను:
మాండర్ గారి మీద గౌరవమే బాబాయ్, కానీ 1999లో మెక్‌కాయ్‌ని పెద్దది చేసింది ప్రజల సొమ్ముతోనే కదా! ఆయన టైములో తీపి, వీళ్ళ టైములో చేదూనా?

మా వూస్టర్‌ని దొంగలా చూడకండి. రెండు లక్షల ఊరు మాది. 1880లోనే ఇక్కడ పెద్ద లీగైన నేషనల్ లీగ్ జట్టుండేది, లీ రిచ్‌మండ్ మొదటి పర్ఫెక్ట్ గేమ్ (అవతలివాళ్ళలో ఒక్కడినీ బేస్ చేరనివ్వని ఆట) వేసింది మా ఊరికే. మీ పేరులో ఉన్న బ్లాక్‌స్టోన్ నది పుట్టేది కూడా ఇక్కడే, మీ దగ్గరికి వచ్చేసరికి ఆఖరు. అయితే వూసాక్స్ కోసం కట్టిన పోలార్ పార్క్ స్టేడియం ఖర్చు పెరిగి పెరిగి దాదాపు 16 కోట్లయిందన్నది నిజం. ఇల్లు కట్టి చూడు అన్నారు, స్టేడియం సంగతి అనలేదు. మీరు తప్పించుకున్నారేమో అనిపిస్తుంది ఒక్కోసారి.

లెక్కల మాస్టారు:
తప్పించుకోలేదు శీనూ. 2025లో పావ్‌టకెట్‌లో నది ఒడ్డున సాకర్ స్టేడియం తెరిచారు. దాని బాండ్ల తిరుగు చెల్లింపు 30 ఏళ్ళలో 13.2 కోట్ల డాలర్లు. బేస్‌బాల్‌కి రాష్ట్రం, నగరం కలిపి పెట్టాల్సింది 3.8 కోట్లు. వడ్డీ కలిపితే అదీ పెరిగేదే, సరే. ఎలా చూసినా ఇప్పటి బిల్లే పెద్దది.

కొత్తగా వచ్చా:
అంటే మెక్‌కాయ్ ఇప్పుడు ఖాళీగా ఉందా? ఈ వారం చూసొద్దామనుకున్నా.

బ్లాక్‌స్టోన్ బాబాయ్:
చూడ్డానికేం లేదు నాన్నా, ఆ స్థలాన్ని హైస్కూలుకిచ్చారు. కోవిడ్‌తో 2020 సీజన్ రద్దయింది, వీడ్కోలు ఆట కూడా జరగలేదు. ఆ వేసవిలో మైదానం మీద బల్లలేసి భోజనాలు పెట్టారు, మేమూ వెళ్ళాం. సెంటర్‌ఫీల్డ్ వైపు కూర్చుని బర్గర్ తిన్నా.

మాస్టారూ, మీ 13.2 కోట్ల లెక్కకి నా దగ్గర జవాబు లేదు. ఆ సాకర్ స్టేడియం మాత్రం మా ఇంటికి పది నిమిషాలు. ఇంకా వెళ్ళలేదు.