కువైట్‌కి కొత్త: చెత్త డబ్బా దగ్గర కలిసిన ఆమెకి ఎలా సాయం చేయాలి?

సాల్మియా నర్సు:
అందరికీ నమస్కారం. నేను కువైట్ వచ్చి ఆరు వారాలైంది. స్టాఫ్ నర్సుని. నైట్ డ్యూటీకి బయల్దేరేటప్పుడు మా వీధి చివర చెత్త డబ్బా దగ్గర ఒకామె కనిపిస్తూ ఉంటుంది, ఎదురు విల్లాలో పనిచేస్తుంది. నిన్న నేను అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే ఆగి, "తెలుగోళ్ళా?" అంది. రాయచోటి దగ్గర పల్లెట. వచ్చి పద్నాలుగు నెలలు, జీతం చేతికొచ్చింది నాలుగు నెలలదే. పాస్‌పోర్టు, బతాకా (ఇక్కడి గుర్తింపు కార్డు) మామా, అంటే ఇంటి యజమానురాలి, బీరువాలో ఉన్నాయట, ఫోను కూడా లాగేసుకున్నారు. మోచేతి కింద ఇస్త్రీ పెట్టె మొన అచ్చు పడినట్టు కాలిన గాయం. పది రోజులకి మించి ఉండదు, కాలిన గాయాలు నేను రోజూ చూసేవే. టీ పొడి అట్టముక్క మీద వాళ్ళమ్మ నంబరు రాసి నా చేతిలో పెట్టి పరుగెత్తింది. నాకు నిద్ర పట్టట్లేదు. ఏం చేయమంటారు?

ఫర్వానియా తమ్ముడు:
ఇందులో ఆలోచించేదేముంది అక్కా? టాక్సీ నేను తెస్తా, ఈ రాత్రికే తీసుకొచ్చేద్దాం. రెండు రోజులు మీ రూములో ఉంచండి. వీడియో తీసి పెడితే తెల్లారేసరికి ఊరంతా కదులుతుంది.

ఖైతాన్ పాతకాపు:
తమ్ముడూ, నీ ఆవేశం మంచిదేగానీ నువ్వు చెప్పిన రెండు పనులూ చేయొద్దు. పంతొమ్మిదేళ్ళుగా ఇక్కడున్నా, ఆ రెండూ చేసి ఇరుక్కున్నవాళ్ళని చూశా. ఆమె గేటు దాటిన గంటలో కఫీల్ (ఆమెని వీసా మీద తెచ్చుకున్న యజమాని) పరారీ కేసు పెట్టొచ్చు. అది పడితే బాధితురాలు కాస్తా నేరస్తురాలవుతుంది. అలాంటి మనిషికి ఇంట్లో చోటివ్వడం ఇక్కడ నేరం. అమ్మా, ఆరు వారాల కిందట వచ్చిన నీ అకామా (నివాస అనుమతి) కూడా పోతుంది, ఆమెకి మిగిలిన ఒక్క తెలుగు మనిషీ పోతుంది.

ఇక వీడియో. కొన్నిసార్లు పనిచేసింది, కాదనను. కానీ ఆ వీడియో విల్లావాళ్ళ ఫోనుకీ వస్తుంది, ఊళ్ళో ఆమె మావగారి ఫోనుకీ వెళ్తుంది. ఆమె ఇంటికి చేరి మూడేళ్ళయ్యాక కూడా ఎవరో ఒకరు మళ్ళీ ఫార్వర్డ్ చేస్తూనే ఉంటారు.

ముందు ఒక విషయం తేల్చుకో: ఇది ఉత్త జీతం తగాదా కాదు. కువైట్ ఇంటిపనివాళ్ళ చట్టం, 2015 నాటి 68వ నంబరుది, ఏం చెప్తుందంటే: పని రోజుకి 12 గంటలు దాటకూడదు, వారానికో సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో సెలవు, ఆమె ఒప్పుకోకుండా పాస్‌పోర్టు దాచుకోకూడదు. కనీస జీతం 60 దీనార్లని 2016లో ఖరారు చేశారు. కాగితాలు, జీతం, ఫోను మూడూ లాక్కుని, కాల్చి మరీ పని చేయించుకుంటే దాన్ని మనుషుల అక్రమ రవాణా అనే అంటారు. దానికి ఇక్కడ 2013 నాటి 91వ చట్టం వేరే ఉంది.

"నా ఇష్టంతోనే వచ్చాను కదన్నా" అంటుంది చూడు. అందరూ అదే అంటారు, తప్పు తమదేనని నమ్మేస్తారు. మోసం చేసి తెచ్చినప్పుడు ఇష్టపడి రావడం లెక్కలోకి రాదని 2000లో ఐక్యరాజ్యసమితి ఒప్పందంలోనే రాశారు. మన భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ కూడా అదే చెప్తుంది. ఆ మాట ఆమెకి రెండుసార్లు చెప్పు.

ఇప్పుడు నువ్వు చేయగలిగినవి. విల్లా గేటు పక్క గోడకి చిన్న పలక ఉంటుంది, దాని మీద పాసీ నంబరు, అంటే ఆ ఇంటికి ప్రభుత్వమిచ్చిన గుర్తింపు నంబరు. రోడ్డు మీద నడుస్తూ చదివి గుర్తు పెట్టుకో, ఫోను బయటికి తీయకు. బ్లాకు, వీధి, ఇంటి నంబరు రాసుకో. వాళ్ళమ్మకి ఫోన్ చేసి పాస్‌పోర్టు జెరాక్సు, వీసా కాపీ, ఏజెంటుకి డబ్బు కట్టిన రసీదు ఏదున్నా పంపమను. ఊళ్ళో ఇళ్ళల్లో ఇవి ట్రంకు పెట్టె అడుగున ఉంటాయి, వెతకమంటేనే వెతుకుతారు. వాటితో నువ్వో నేనో డిప్లొమాటిక్ ఎన్‌క్లేవ్‌లోని మన ఎంబసీకి వెళ్ళి లేబర్ విభాగంలో చెప్తాం. కుటుంబం తరఫున మన విదేశాంగ శాఖవాళ్ళ మదద్ పోర్టల్లో కూడా ఫిర్యాదు పడాలి, నంబరు వస్తుంది, అడగడానికి ఆధారం ఉంటుంది. ఎంబసీవాళ్ళు విల్లాలోకి జొరబడి తీసుకురాలేరు, ఆ అధికారం పోలీసులకే. ప్రాణం మీదకి వచ్చిందనుకుంటే మాత్రం ఇవన్నీ పక్కనపెట్టి 112కి కొట్టు.

గాయానికి నువ్వే మందు రాసి ఊరుకోకు. బయటికొచ్చాక ప్రభుత్వాసుపత్రి రిపోర్టులో అది ఎక్కాలి.

అన్నిటికన్నా ముందు, ఆమెకి ఏం కావాలో అడిగావా?

సాల్మియా నర్సు:
లేదండీ. ఇంటికి వెళ్ళాలనే అనుకుంటుందని నేనే అనుకున్నా.

రాజంపేట అక్క, తిరిగొచ్చినామె:
అమ్మాయీ, నేను 2017లో ఎంబసీ షెల్టర్‌లో 71 రోజులు ఉండి వచ్చాను. కాగితాల సంగతి పెద్దాయన చెప్పాడు, మిగతాది నేను చెప్తా.

షెల్టర్‌లో కూర్చోబెట్టి అరబ్బీ కాగితం మీద సంతకం అడుగుతారు. జీతమంతా ముట్టిందని ఉంటుంది అందులో. ఇంటికెళ్ళే తొందరలో నేను పెట్టేశాను. ఏడు నెలల జీతం ఆ ఒక్క సంతకంతో పోయింది. తెలుగులో చదివి చెప్పించుకోకుండా పెట్టొద్దని చెప్పు. కేసు తేలకముందే వచ్చేయాల్సొస్తే ఎంబసీలో పవరాఫ్ అటార్నీ రాసిచ్చి రావాలి, లేకపోతే ఆ బాకీ అడిగే దిక్కుండదు. టిక్కెట్టుకి డబ్బుల్లేవంటే ఎంబసీ దగ్గర ప్రవాసుల సంక్షేమ నిధి ఉంది, దాన్నుంచి ఇస్తారు, నాకు అలాగే ఇచ్చారు.

ఊళ్ళోకి వచ్చాక మొదటి వారం ఎవరొచ్చినా అడిగేది ఒకటే: "ఎంత తెచ్చావు?" ఏజెంటుకి కట్టడానికి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు, దిగేసరికి రెండింతలైంది. నా చిన్నోడు నన్ను చూసి వాళ్ళ నాయనమ్మ కొంగు వెనక దాక్కున్నాడు. ఫోన్ మోగితే చేతులు వణికేవి, మామా బెల్లు కొట్టినట్టే ఉండేది. అప్పుడే అదే ఏజెంటు మనిషి వచ్చి, ఈసారి మస్కట్‌లో మంచి ఇల్లుందన్నాడు. నిజం చెప్తున్నా, వెళ్ళాలనిపించింది. అప్పు అలా ఉంటే ఎవరికైనా అనిపిస్తుంది.

ఆపింది మా డ్వాక్రా లీడరు. వడ్డీ అప్పు తీర్చేసి గ్రూపు అప్పులోకి మార్పించింది, ఏజెంటు మీద కేసు పెడదామని కడపకి తీసుకెళ్ళింది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్ళకి లాయరు ఉచితం, అక్రమ రవాణా బాధితులకీ అంతే, ఆదాయం అడగరు. 15100కి ఫోన్ చేస్తే దారి చెప్తారు. నా కేసు ఇంకా నడుస్తూనే ఉంది. నిద్ర మాత్రం రెండేళ్ళకి గాడిలో పడింది.

ఫర్వానియా తమ్ముడు:
తెలియక అన్నాను, పెద్దోళ్ళు ఏమనుకోవద్దు. మా పిన్ని కూతురు కూడా వస్తానంటోంది, 26 ఏళ్ళు. ఏజెంటు లక్షన్నర అడుగుతున్నాడు, దుబాయ్ విజిట్ వీసా మీద పంపి అక్కణ్నుంచి మారుస్తాడట.

ఖైతాన్ పాతకాపు:
దాన్నే పుషింగ్ అంటారు తమ్ముడూ. ఈసీఆర్ (పనికి వెళ్ళేముందు మన ప్రభుత్వ అనుమతి తప్పనిసరైన) పాస్‌పోర్టున్న ఆడవాళ్ళు 30 ఏళ్ళు నిండకుండా ఇటు ఇంటిపనికి రాకూడదు. అందుకే ఈ అడ్డదారి. ఇలా వచ్చినవాళ్ళ పేరు మన ప్రభుత్వ వలస రికార్డు ఈ-మైగ్రేట్‌లో ఉండదు, ఇన్సూరెన్సు ఉండదు, రేపు ఏదన్నా అయితే మనం ఎవరిని వెతుకుతున్నామో కూడా రికార్డులో దొరకదు. రిజిస్టరైన ఏజెంటు ఫీజు 30,000, దాని మీద జీఎస్టీ, అంతే. ఇంటిపనికి ఆడవాళ్ళని పంపాల్సింది ఆంధ్రాలో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ లాంటి ప్రభుత్వ సంస్థలు. లక్షన్నర అన్నాడంటేనే సంగతి తెలియట్లా? ఈ రాత్రే పిన్నికి ఫోన్ చెయ్.

సాల్మియా నర్సు:
నిన్న రాత్రి మళ్ళీ కలిశాను, రెండు నిమిషాలు. అడిగాను. ఇంటికి వెళ్ళదట. "రెండు లక్షల అప్పుంది, ఉత్త చేతుల్తో పోలేను, వేరే ఇల్లు చూపించు చాలు" అంది. నాకు నోట మాట రాలేదు.

ఖైతాన్ పాతకాపు:
అదీ దారే అమ్మా, కాకపోతే పొడుగు దారి. కఫీల్ రిలీజ్ (వేరే ఇంటికి మారడానికి ఒప్పుదల) ఇస్తే సులువు. ఇవ్వకపోతే తప్పు అతనిదని కువైట్ ప్రభుత్వ మ్యాన్‌పవర్ అథారిటీవాళ్ళు తేల్చాలి, అప్పటిదాకా షెల్టర్‌లో ఉండాలి. నెలలు పట్టొచ్చని దాచకుండా చెప్పు, తర్వాత నిర్ణయం ఆమెది. వాళ్ళమ్మ పంపిన కాగితాలు నాకు పెట్టు. ఆదివారం ఎనిమిదింటికి ఎంబసీ గేటు దగ్గర ఉంటా. ఈలోపు చెత్త డబ్బా దగ్గర రోజూ ఒకే టైముకి నిలబడకు, ఆ విల్లా మేడ మీద కెమెరా ఉందేమో చూసుకో.