దక్షిణ కొరియాలో డెబ్బై శాతం ప్రజలు అణ్వస్త్రం కావాలంటున్నారన్న సర్వేలను ఎలా అర్థం చేసుకోవాలి?

అశోక్‌నగర్ అభ్యర్థి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. సివిల్స్ మెయిన్స్ కోసం అంతర్జాతీయ సంబంధాలు చదువుకుంటున్నాను. ఉత్తర కొరియా అణు బెదిరింపు గురించి ఏ నోట్సు తిరగేసినా 2006 నుంచి 2017 దాకా జరిగిన ఆరు అణు పరీక్షలు, భద్రతా మండలి ఆంక్షలు, 2018లో సింగపూర్‌లోనూ 2019లో హనోయ్‌లోనూ ట్రంప్, కిమ్ కలుసుకున్న సంగతులు వరుసగా ఉంటాయి. ఆ బెదిరింపు కింద బతుకుతున్న దక్షిణ కొరియా ప్రజల మాటను మాత్రం ఒక్క వాక్యంతో సరిపెడుతున్నారు: డెబ్బై శాతానికి పైగా ప్రజలు తమ దేశానికి సొంత అణ్వస్త్రాలు ఉండాలంటున్నారు.

నాకు కొరుకుడు పడనిది ఈ వాక్యమే. ఆ దేశం 1975లోనే అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందాన్ని, అంటే ఎన్‌పీటీని ఆమోదించింది. అక్కడ సుమారు 28,500 మంది అమెరికా సైనికులు ఉన్నారు. అవసరమైతే తన అణ్వస్త్రాలతోనైనా కాపాడతానని అమెరికా దశాబ్దాలుగా మాట ఇస్తోంది. ఇన్ని ఉండగా జనంలో మూడింట రెండు వంతులకు మించి బాంబు కావాలనడం భయంతోనా, అమెరికా మీద అపనమ్మకంతోనా, ఉత్తర కొరియా మీద కోపంతోనా? అంతమంది కోరుతున్న పని అక్కడి ప్రభుత్వాలు ఎందుకు చేయడం లేదు? 1998 నాటి మన పోఖ్రాన్ పరీక్షలప్పటి ప్రజాస్పందనతో దీనిని పోల్చవచ్చా? కోచింగ్‌లో అడిగితే "విదేశాంగ విధానంలో జనాభిప్రాయానికి పెద్ద పాత్ర లేదు, ముందుకు వెళ్దాం" అన్నారు. తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

సర్వేల మనిషి

అభ్యర్థి గారూ, నేను చాలాకాలం అభిప్రాయ సేకరణలు చేసే సంస్థలో పనిచేశాను కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను. ముందుగా, ఆ డెబ్బై శాతం ఏదో ఒక్క సంస్థ తెచ్చిన అంకె కాదు. అమెరికాలోని షికాగో కౌన్సిల్ అనే పరిశోధనా సంస్థ 2021 డిసెంబరులో జరిపించిన సర్వేలో 71 శాతం వచ్చింది. సియోల్‌లోని ఆసన్ ఇన్‌స్టిట్యూట్ 2010 నుంచి ఇదే ప్రశ్న అడుగుతోంది. వారికి 2022లో 70.2 శాతం వచ్చింది. చే ఇన్‌స్టిట్యూట్ అనే మరో కొరియా పరిశోధనా సంస్థ కోసం గాలప్ కొరియా చేసిన సర్వేల్లో 2023లో 76.6, 2024లో 72.8 శాతం వచ్చాయి. వేర్వేరు సంస్థలు వేర్వేరు సంవత్సరాల్లో అడిగినా ఫలితం ఇంచుమించు ఒకే చోట నిలబడింది కాబట్టి, ఏదో ఒక క్షిపణి ప్రయోగం జరిగిన వారంలో రేగిన ఆవేశంగా దీన్ని కొట్టిపారేయడానికి వీల్లేదు.

చిక్కు ఆ తరువాత మొదలవుతుంది. కొరియా జాతీయ ఏకీకరణ సంస్థ ప్రభుత్వ నిధులతో నడిచే పరిశోధనా సంస్థ. 2023లో వారు మామూలుగా అడిగినప్పుడు దాదాపు 60 శాతం మంది అవునన్నారు. ఆర్థిక ఆంక్షలు పడతాయి, అమెరికాతో కూటమి తెగిపోవచ్చు అంటూ ఎదురయ్యే కష్టాలను ఒక్కొక్కటిగా ముందు పెట్టి అడిగేసరికి మద్దతు 40 శాతం లోపుకు దిగిపోయింది. షికాగో కౌన్సిల్ వారు మాత్రం పర్యవసానాలు చెప్పినా మద్దతు పెద్దగా చెదరలేదని రాశారు. రెండూ పేరున్న సంస్థలే, రెండు నిర్ధారణలూ ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయి. మా వృత్తిలో ఉన్నవారికి ఇది వింతేమీ కాదు. రాత్రి భోజనాల వేళ ఫోను ఎత్తిన మనిషి, ఒక చెవి టీవీకి, ఒక చెవి మనకి ఇచ్చి "అవును, బలంగా సమర్థిస్తాను" అనడానికి రెండు సెకన్లు పడుతుంది, ఒకసారి అవునన్నాక "ఆంక్షలు పడినా సరేనా?" అని అడిగితే, మాట మార్చుకున్నట్టు కనిపించడం ఇష్టం లేక చాలామంది సరే అంటారు. అదే ఆంక్షల సంగతి ప్రశ్నలోనే ముందుగా కలిపి చదివితే ఆ మనిషి ఒక క్షణం ఆగుతాడు. అందువల్ల అంకెను చూసేటప్పుడు దానికి ముందు, వెనక ఏ ప్రశ్నలు అడిగారో కూడా చూడాలి.

మీరు తప్పక గమనించవలసిన సంగతి ఇంకొకటి ఉంది. షికాగో కౌన్సిల్ సర్వేలో అణ్వస్త్రం ఎందుకని అడిగితే ఉత్తర కొరియా బెదిరింపును ఎదుర్కోవడానికి అన్నవారు 23 శాతమే. దేశ ప్రతిష్ఠ కోసం అన్నవారు 26 శాతం, ఉత్తర కొరియా కాని ఇతర ముప్పుల కోసం అన్నవారు 39 శాతం. రాబోయే పదేళ్లలో తమకు అతిపెద్ద ముప్పు ఏ దేశం నుంచి అన్న ప్రశ్నకు సగానికి పైగా జనం చైనా పేరు చెప్పారు. అమెరికా అణ్వస్త్రాలను తెచ్చి తమ గడ్డ మీద మోహరించడమా, సొంతంగా చేసుకోవడమా అని ఎంచుకోమంటే 67 శాతం సొంతానికి, 9 శాతం అమెరికా ఆయుధాలకు ఓటు వేశారు. పాఠ్యపుస్తకాలు దీనిని ఉత్తర కొరియాకు ప్రతిస్పందన అనే శీర్షిక కింద పెట్టేయడం నాకు సబబుగా తోచదు.

హాన్ నది ఒడ్డు

మాది ఒంగోలు దగ్గర ఒక పల్లె. ఉద్యోగరీత్యా కొన్నేళ్లుగా సియోల్‌లో ఉంటున్నాను. సర్వేల మనిషి గారు అంకెలు చెప్పారు కాబట్టి ఇక్కడి మనుషుల తీరు ఎలా ఉంటుందో నేను రాస్తాను.

ఈ నగరం సరిహద్దుకు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉంది. రాజధాని ప్రాంతమంతా కలిపితే దేశ జనాభాలో సగం ఇక్కడే ఉంటుంది. అణ్వస్త్రం దాకా పోనక్కరలేదు, ఉత్తర కొరియా ఫిరంగులే దీనికి ఎప్పటి నుంచో చాలు. కాబట్టి ఇక్కడి వారు రోజూ వణుకుతూ బతుకుతారనుకోవడం పొరపాటు. ముప్పు ఎప్పుడూ ఉన్నదే కనుక దానిని పట్టించుకోవడం మానేశారు. 2023 మే 31న, ఉత్తర కొరియా ఉపగ్రహాన్ని ప్రయోగించిన రోజున, ఉదయం ఏడు కూడా కాకముందే ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. ఖాళీ చేయడానికి సిద్ధపడండి, పిల్లలనూ వృద్ధులనూ ముందుగా పంపండి అని అందులో ఉంది. ఎందుకో లేదు, ఎక్కడికో లేదు. తలుపు తీసి చూస్తే మా అంతస్తులో ఒక పెద్దావిడ నీళ్ల సీసాలు సర్దిన సంచితో లిఫ్టు దగ్గర నిలబడి ఉన్నారు. పక్క ఫ్లాటు కుర్రవాడు పళ్లు తోముకుంటూనే బయటకు వచ్చి, ఫోనులో వార్తలు చూసి, మళ్లీ లోపలికి వెళ్లిపోయాడు. కొద్దిసేపటికే ఆ హెచ్చరిక పొరపాటున వెళ్లిందని ప్రకటన వచ్చింది. ఆ రోజు ఆఫీసులో కిమ్ జోంగ్ ఉన్ గురించి మాట్లాడినవారు తక్కువ, హెచ్చరిక పంపిన తీరును తిట్టినవారు ఎక్కువ.

నేను విన్నంతలో ఇక్కడి వారి అసలు గుబులు అమెరికా గురించే. 2017 నవంబరులో హ్వాసాంగ్-15 అనే ఖండాంతర క్షిపణిని ప్రయోగించిన తరువాత అమెరికా ప్రధాన భూభాగమంతా ఉత్తర కొరియా క్షిపణుల పరిధిలోకి వచ్చినట్టేనని నిపుణులు లెక్కకట్టారు. సియోల్‌ను కాపాడటానికి లాస్ ఏంజెలెస్‌ను పణంగా పెట్టే అధ్యక్షుడు ఉంటాడా అన్న ప్రశ్న అప్పటి నుంచి టీవీ చర్చల్లో వినిపిస్తూనే ఉంది. అమెరికా సైన్యం ఖర్చుకు ఏడాదికి 500 కోట్ల డాలర్లు ఇమ్మని 2019లో ట్రంప్ ప్రభుత్వం అడిగిందన్న వార్తను నా సహోద్యోగులు ఇప్పటికీ మరచిపోలేదు. పైగా అమెరికా ప్రజల అభిప్రాయం కూడా నిలకడగా లేదు. ఉత్తర కొరియా దండెత్తితే తమ సైన్యాన్ని పంపాలని 2021లో 63 శాతం అమెరికన్లు అంటే, 2023 నాటికి అది 50 శాతానికి వచ్చింది. ఇక్కడి పత్రికలు ఇలాంటి అంకెలను మొదటి పేజీలో వేస్తాయి.

రిటైర్డ్ సబ్ఎడిటర్

పై ఇద్దరి మాటలతో చాలావరకు ఏకీభవిస్తూనే ఒక విషయంలో విభేదిస్తున్నాను. ఖర్చు చెబితే మద్దతు తగ్గుతుంది కాబట్టి ఈ అభిప్రాయంలో లోతు లేదన్న ధ్వని సర్వేల మనిషి గారి జవాబులో ఉంది. ఖర్చు చెబితే తగ్గని కోరిక లోకంలో ఏముంటుంది? రాజకీయాల్లో ఒక అభిప్రాయం పనిచేయడానికి అది చివరిదాకా నిలబడనక్కరలేదు. ఉందని ఎదుటివాడు నమ్మితే చాలు.

కొరియా వారికి ఈ ఆలోచన కొత్తదీ కాదు. 1958 నుంచి 1991 దాకా దక్షిణ కొరియా గడ్డ మీద అమెరికా అణ్వస్త్రాలు ఉండేవి. 1970లలో నిక్సన్ కొంత సైన్యాన్ని వెనక్కి పిలిచాక అప్పటి దక్షిణ కొరియా అధ్యక్షుడు పార్క్ చుంగ్ హీ రహస్యంగా బాంబు కార్యక్రమం మొదలుపెట్టారు. వాడిన అణు ఇంధనం నుంచి ప్లుటోనియం తీసే రీప్రాసెసింగ్ ప్లాంటును ఫ్రాన్సు నుంచి కొనబోతే అమెరికా ఒత్తిడి తెచ్చి 1976లో ఆ ఒప్పందాన్ని రద్దు చేయించింది. 1991 చివర ఉభయ కొరియాలూ అణ్వస్త్రాలు ఉంచుకోబోమని ఉమ్మడి ప్రకటన చేశాయి. ఉత్తర కొరియా 2003లో ఎన్‌పీటీ నుంచి బయటకు నడిచి, 2006లో మొదటి పరీక్ష చేసి, 2022 సెప్టెంబరులో ముందస్తు అణుదాడికి సైతం వీలిచ్చే చట్టం చేసుకుంది. మాటకు కట్టుబడినవాడు ఉత్త చేతులతో మిగిలాడన్న భావన సియోల్‌లో బలంగా ఉందంటే అందుకు కారణం ఈ వరుసే. 1994లో హామీ పత్రాలు తీసుకుని అణ్వస్త్రాలు అప్పగించిన ఉక్రెయిన్‌కు 2022లో ఏమైందో చూశాక అది మరింత గట్టిపడింది.

ఇక ప్రభుత్వం ఎందుకు చేయదన్న ప్రశ్న. నిర్ణయాలు తీసుకునే వర్గం ఈ విషయంలో జనంతో లేదు. వాషింగ్టన్‌లోని సీఎస్ఐఎస్ అనే సంస్థ 2024లో దక్షిణ కొరియా నిపుణులను, అధికార అనుభవం ఉన్నవారిని అడిగితే 34 శాతమే సమర్థించారు, 53 శాతం వద్దన్నారు. ఆ దేశపు విద్యుత్తులో దాదాపు మూడో వంతు అణు రియాక్టర్ల నుంచి వస్తుంది, వాటికి కావలసిన యురేనియం అంతా బయట నుంచే రావాలి, అమెరికాతో ఉన్న ఒప్పందం ప్రకారం ఆ దేశం అనుమతి లేకుండా యురేనియంను శుద్ధి చేసుకోవడానికి వీల్లేదు. ఎగుమతులు జీడీపీలో సుమారు 40 శాతం. ఆంక్షలంటే వారికి వెలిగే దీపం, నడిచే ఓడరేవు రెండూ ఆగిపోవడమే.

భారతదేశంతో పోలిక ఇక్కడే తెగిపోతుంది. మనం ఎన్‌పీటీలో ఎన్నడూ చేరలేదు కాబట్టి 1998లో దానిని ఉల్లంఘించామన్న మాట రాలేదు. 1974లో మన తొలి అణు పరీక్ష తరువాత బయట తలుపులు మూసుకుపోవడంతో సహజ యురేనియంతో నడిచే రియాక్టర్ల మీద, మన మౌలాలి దగ్గరి అణు ఇంధన సముదాయం వంటి సొంత ఏర్పాట్ల మీద ఆధారపడటం అప్పటికే అలవాటు చేసుకున్నాం. కొరతలు ఉండేవి గాని, దీపాలు ఆరిపోయే పరిస్థితి కాదు.

ప్రజాస్పందన విషయంలో మాత్రం పోలిక పనికొస్తుంది. 1998 మే 11 సాయంత్రం ప్రధాని వాజ్‌పేయి ప్రకటన చేసినప్పుడు నేను డెస్కులో ఉన్నాను. మొదటి పేజీ మొత్తం మార్చాము. రాత్రి పొద్దుపోయేదాకా పాఠకుల ఫోన్లు, అన్నీ అభినందనలే. పెద్ద నగరాల్లో వెంటనే జరిగిన ఒక సర్వేలో 91 శాతం సమర్థించారు. అదే ఏడాది నవంబరులో ఢిల్లీ, రాజస్థాన్ శాసనసభ ఎన్నికల్లో అధికార పక్షం ఓడిపోయింది, ఆ ఓటమికి అందరూ చెప్పుకున్న కారణం ఉల్లిపాయల ధర. బాంబుకు మద్దతు నిజమే, ఓటు వేసేటప్పుడు అది గుర్తుకు రాకపోవడమూ నిజమే. దక్షిణ కొరియాలో కూడా సొంత అణ్వస్త్రమే ప్రధాన నినాదంగా అధ్యక్ష పదవి గెలిచినవారు ఇంతవరకు లేరు.

అశోక్‌నగర్ అభ్యర్థి

ముగ్గురికీ ధన్యవాదాలు. సబ్ఎడిటర్ గారూ, ఎదుటివాడు నమ్మితే చాలన్నారు కదా, ఈ అభిప్రాయం వల్ల దక్షిణ కొరియా ప్రభుత్వానికి చేతికందినదేమైనా ఉందా? అది తేలితే నా జవాబులో జనాభిప్రాయానికి పాత్ర లేదన్న వాక్యం కొట్టేస్తాను.

రిటైర్డ్ సబ్ఎడిటర్

కొట్టేయండి బాబూ. 2023 జనవరి 11న అధ్యక్షుడు యూన్ సుక్ యోల్, సమస్య ముదిరితే తామే అణ్వస్త్రం సమకూర్చుకోవలసి రావచ్చునని బహిరంగంగా అన్నారు. వెనక డెబ్బై శాతం జనం లేకపోతే ఆ మాటకు వాషింగ్టన్‌లో విలువ ఉండేది కాదు. ఏప్రిల్ 26న అమెరికా, దక్షిణ కొరియాల వాషింగ్టన్ ప్రకటన వెలువడింది. దక్షిణ కొరియా ఎన్‌పీటీకి కట్టుబడి ఉంటానని మళ్లీ చెప్పింది, ప్రతిఫలంగా అణ్వస్త్ర ప్రణాళికల మీద ఇద్దరూ చర్చించుకునే సంప్రదింపుల బృందం ఏర్పడింది, జూలైలో అణు క్షిపణులు మోసే అమెరికా జలాంతర్గామి బుసాన్ రేవుకు వచ్చింది. 1981 తరువాత అలాంటిది రావడం అదే మొదటిసారి. యూన్ పార్టీకి ప్రత్యర్థి, సొంత అణ్వస్త్రాలు వద్దనే లీ జే మ్యుంగ్ 2025 జూన్‌లో అధ్యక్షుడయ్యారు. అయినా అదే ఏడాది అక్టోబరు చివర, అణుశక్తితో నడిచే జలాంతర్గామిని దక్షిణ కొరియా నిర్మించుకోవడానికి ట్రంప్ సమ్మతి ప్రకటించారు. సియోల్ ఏళ్ల తరబడి అడుగుతున్నదే అది.

సర్వేల మనిషి

బుసాన్‌కు జలాంతర్గామి రావడానికీ, ట్రంప్ సమ్మతికీ సర్వేలే కారణమని రుజువు చేయడం కష్టం, సబ్ఎడిటర్ గారూ. చైనా నౌకాదళం పెరుగుదల, పెట్టుబడుల బేరం వంటివి కూడా అందులో ఉన్నాయి. అభ్యర్థి గారు జవాబులో "ప్రజాభిప్రాయం బేరసారాల్లో అండగా నిలిచింది" అని రాస్తే సరిపోతుంది, "సాధించింది" అని రాయవద్దు. 71 శాతం పక్కన ఆ 34 శాతాన్ని కూడా రాయండి.