డబ్ల్యూ పలకని ఇంగ్లీషు మాటలు: వీటి మధ్య చుట్టరికం ఉందా?

ప్రశ్న – పర్లాకిమిడి మాస్టారు

సభ్యులకు నమస్కారం. నేను పర్లాకిమిడిలో హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు ట్యూషన్ చెబుతుంటాను. చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా మాధ్యమంలో చదివేవారే కాబట్టి, రాసిన అక్షరాన్ని పలకకుండా వదిలేయడం వారికి మింగుడుపడదు. రాయడమనే అర్థమున్న ‘రైట్’కు ముందు డబ్ల్యూ ఎందుకని ఒక అమ్మాయి అడిగింది. అది మూగ అక్షరమని చెప్పి తప్పుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. నిఘంటువు తిరగేస్తే డబ్ల్యూ, ఆర్ జంటతో మొదలయ్యే మాటల్లో మెలితిప్పడమనే భావం పదే పదే ఎదురైంది: తడిబట్ట పిండడానికి ‘రింగ్’, మణికట్టుకు ‘రిస్ట్’, ముడతకు ‘రింకిల్’, మెకానిక్కు చేతిలోని ‘రెంచి’, చుట్టి కట్టిన పూలచక్రానికి ‘రీత్’. ఇది కాకతాళీయమా, లేక వీటికి మూలం ఒకటేనా? ఒకటే అయితే ‘రైట్’ కూడా ఆ కుటుంబంలోదేనా?

సమాధానం – బరంపురం పాఠకుడు

మాస్టారూ, ఆ డబ్ల్యూ మొదటి నుంచీ మూగది కాదు. పాత ఇంగ్లీషులో, అంటే సుమారు 1100కు ముందు, రాయడాన్ని ‘వ్రీటన్’ అనీ, పిండడాన్ని ‘వ్రింగన్’ అనీ, మెలితిప్పడాన్ని ‘వ్రెంచన్’ అనీ, పెదవులు గుండ్రంగా చుట్టి ఆ మొదటి ధ్వనిని స్పష్టంగా పలికేవారు. కాక్స్టన్ 1476లో ఇంగ్లండులో అచ్చుయంత్రం నెలకొల్పిన తరువాత వర్ణక్రమం క్రమంగా స్థిరపడుతూ వచ్చింది. ఉచ్చారణ మాత్రం మారుతూనే ఉండి, పదిహేడో శతాబ్దానికల్లా సాధారణ ఇంగ్లీషులో ఆ ధ్వని రాలిపోయింది. స్కాట్లండు ఈశాన్య ప్రాంతపు మాండలికంలో ఇది ‘వ్ర’గా నిలిచింది, డచ్చి భాషలోనూ పిండడాన్ని ఇప్పటికీ ‘వ్రింగెన్’ అనే అంటారు.

అర్థం సంగతికి వస్తే, మీరు గమనించినది కాకతాళీయం కాదు. తిరగడం, వంగడం అనే అర్థమున్న ఒక ప్రాచీన ధాతువుకు వీటిలో చాలావాటిని భాషావేత్తలు ముడిపెడతారు. మనం వాడే వృత్తం, వర్తులం, పరివర్తన అనే సంస్కృత పదాలను కూడా వారు ఆ ధాతువు దగ్గరికే తీసుకువెళతారు. తప్పు అనే అర్థమున్న ‘రాంగ్’ స్కాండినేవియా వారి భాష నుంచి వచ్చినదే అయినా, దాని మొదటి అర్థం వంకర.

సమాధానం – రాయగడ నుంచి

పై సమాధానం సరైనదే గాని, ఆ సూత్రాన్ని ప్రతి మాటకూ తగిలిస్తే పిల్లలు పొరబడతారు. ‘వ్రీటన్’కు తొలి అర్థం గీయడం, గీరడం. చెక్క మీద, రాతి మీద మొనతో చెక్కిన కాలపు మాట అది. చింపడమనే అర్థంలో జర్మన్‌లో ఉన్న ‘రైసెన్’ దానికి తోబుట్టువు. అందులో మెలిక ఏదీ లేదు. దౌర్భాగ్యుడనే అర్థమున్న ‘రెచ్’ పాత ఇంగ్లీషులో ‘వ్రెచ్చ’; ఊరి నుంచి వెళ్లగొట్టబడినవాడని దాని భావం.

అన్నిటికన్నా ముచ్చటైనది ‘ప్లేరైట్’. నాటకం రాసేవాడు కాబట్టి అందులో ఉన్నది రాయడమేనని పిల్లలే కాదు, పెద్దలూ అనుకుంటారు. నిజానికి అక్కడున్నది పనివాడనే అర్థంగల ‘విర్హ్‌త’ అనే పాత మాట. అది ‘వర్క్’కు చుట్టం, అందులోని రేఫ అచ్చుకు ముందుకు జరగడం వల్ల మాత్రమే ఈ జంట ఏర్పడింది. ఓడలు కట్టేవాడు ‘షిప్‌రైట్’, బండి చక్రాలు చేసేవాడు ‘వీల్‌రైట్’ అయినట్టే నాటకాన్ని కట్టేవాడు ‘ప్లేరైట్’.

పర్లాకిమిడి మాస్టారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇంకొక్క సందేహం. మన ‘వ్రాయు’, వారి ‘వ్రీటన్’ ధ్వనిలోనూ అర్థంలోనూ ఇంత దగ్గరగా ఉన్నాయి గదా, వీటికేమైనా సంబంధం ఉందా?

సమాధానం – బరంపురం పాఠకుడు

లేదండీ. మన మాట ద్రావిడ మూలం నుంచి వచ్చింది. గీయడం, రాయడం అనే అర్థాలతో తమిళంలో ఉన్న ‘వరై’ దీనికి సోదరి. అక్కడ వకారం తరువాత అచ్చు, ఆపై రేఫ ఉన్నాయి. తెలుగులో రేఫ ముందుకు జరిగి వకారానికి అంటుకోవడంతో ‘వ్రాయు’ అయింది, అంటే రాయగడ మిత్రులు చెప్పిన ‘విర్హ్‌త’కు జరిగిన మార్పే ఇక్కడా జరిగింది. తరువాత వకారం పోయి ‘రాయు’ మిగిలింది. తమిళ ‘విరల్’కు సాటి అయిన ‘వ్రేలు’లో మాత్రం వకారం నిలిచి రేఫ పోయి ‘వేలు’ అయింది.

వాడుక భాష కోసం వాదించిన గిడుగు రామమూర్తి గారు ఉపాధ్యాయుడిగా పనిచేసినది మీ ఊరిలోనే కాబట్టి, ‘వ్రాయు’ నుంచి ‘రాయు’ వరకు జరిగిన మార్పును ముందు పలక మీద రాసి చూపి, ఆ తరువాత ఇంగ్లీషు మాటను ఎత్తుకుంటే ఆ అమ్మాయికి సులువుగా బోధపడుతుంది. వ్రతం, వ్రణం వంటివి సంస్కృతం నుంచి వచ్చినవి గనుక వాటిని ఈ జాబితాలో చేర్చకండి.