బరువు తగ్గే మాత్ర (ఆర్లిస్టాట్) వల్ల డ్యూటీ చేయలేకపోతున్నా. కొనసాగించాలా, ఆపేయాలా?

ఒంగోలు కండక్టర్:

అందరికీ నమస్కారం. నేను ఒంగోలు వైపు బస్సు కండక్టర్‌ని. వయసు 38, ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, మాత్ర మొదలుపెట్టే నాటికి బరువు 86 కిలోలు. రెండో కాన్పు తర్వాత వచ్చిన ఒళ్ళు మళ్ళీ తగ్గలేదు. థైరాయిడ్ మాత్ర రోజూ వేసుకుంటా. ఈమధ్య మూడు నెలల షుగర్ పరీక్ష చేయిస్తే 6.1 వచ్చింది. "ఇంకా షుగర్ రాలేదు గానీ అంచున ఉన్నావమ్మా, బరువు తగ్గాల్సిందే" అని డాక్టర్ గారు ఆర్లిస్టాట్ 120 రాశారు. మూడు పూటలా తిండితో పాటు ఒక్కో మాత్ర.

సిగ్గు పక్కన పెట్టి రాస్తున్నా. గ్యాస్ పోతుందనుకుంటే దాంతో పాటు నూనె పడుతోంది. ఆవకాయ జాడీలో పైన తేలే నూనె ఉంటుంది చూడండి, సరిగ్గా ఆ రంగు. బట్టకు అంటితే మామూలుగా ఉతికితే పోదు, వేడినీళ్ళలో సబ్బు పెట్టి రుద్దాలి. ఇంట్లో ఉంటే ఏదో సర్దుకోవచ్చు. నేనేమో ఒంగోలులో ఎక్కితే పొదిలి దాకా బస్సులో నిలబడే ఉండాలి. మొన్న ఆదివారం ఇంట్లో కోడికూర, గారెలు. సోమవారం డ్యూటీలో దారి మధ్యలో కడుపు ఒక్కసారిగా తిప్పింది. డ్రైవర్ అన్నకు ఏం చెప్పాలో తెలియక ఒక పెట్రోలు బంకు దగ్గర ఆపమన్నా. బస్సు నిండా జనం. చేతిలో టికెట్ మిషను, భుజాన డబ్బుల సంచి. ఆ టెన్షన్ పగవాళ్ళకు కూడా వద్దు.

నెలన్నరలో రెండు కిలోలు తగ్గాను. ఈ బాధకు ఆ రెండు కిలోలు విలువైనవేనా? తోటి కండక్టరమ్మ ఒకామె వాట్సాప్‌లో అమ్మే ఆయుర్వేదం పొడి వాడమంటోంది, దానికి ఏ ఇబ్బందీ లేదట. హైదరాబాదులో ఉన్న మా మేనకోడలు ఇంజెక్షన్ బాగా పనిచేస్తుందంటోంది. వాడినవాళ్ళు, తెలిసినవాళ్ళు చెప్పండి.

మియాపూర్ రవి:

అక్కా, నేను ఇదే మాత్ర వాడి మానేశాను. ఆఫీసులో మీటింగులో కూర్చోవాలంటే భయమేసేది. తగ్గిన బరువు కంటే పోయిన మనశ్శాంతి ఎక్కువ. పొద్దున్నే నడవండి, రాత్రి అన్నం మానేయండి, చాలు. మాత్రలతో పనిలేదు.

నరసరావుపేట మందుల షాపు:

కండక్టరమ్మా, మీరు దాచుకోకుండా రాసినందుకు ముందు మీకు దండం. నేను ఫార్మసిస్టుని, కౌంటరు వెనక నిలబడి చాలా ఏళ్ళయింది. ఈ మాత్ర కొనేవాళ్ళలో ఎక్కువమంది గొంతు తగ్గించి అడుగుతారు, తీసుకున్నాక ఇబ్బంది వస్తే ఎవరికీ చెప్పరు. డాక్టరుకూ చెప్పరు. చెబితే సగం ఇబ్బంది తగ్గే దారి ఉంది.

ఈ మాత్ర ఆకలిని చంపదు, ఒంట్లో ఉన్న కొవ్వును కరిగించదు. మనం తిన్న నూనె, నెయ్యి ఒంటికి పట్టాలంటే పేగుల్లో లైపేజ్ అనే రసం దాన్ని విడగొట్టాలి. ఆర్లిస్టాట్ ఆ రసాన్ని పనిచేయనివ్వదు. దాంతో తిన్న కొవ్వులో సుమారు 30 శాతం అరగకుండా కిందికి దిగిపోతుంది. మీరు చూసిన ఆ నూనె మీ ఒంట్లోంచి కరిగి వచ్చింది కాదు, మీ కోడికూరలోదీ గారెల్లోదీ. వేసుకున్న మాత్ర ప్రభావం మలంలో కనపడటానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అందుకే ఆదివారం తిన్నది సోమవారం డ్యూటీలో బయటపడింది. ఇది మీ ఒక్కరికే కాదు. మందు మీద జరిగిన పరీక్షల్లో మొదటి ఏడాది సుమారు నలుగురిలో ఒకరికి బట్టలకు నూనె అంటింది. రెండో ఏడాదికి అది నూటికి నాలుగైదుగురికి తగ్గింది.

ఇక విలువైనదా కాదా అన్నది. లెక్క వేసి చూద్దాం. మీరు రోజుకు 60 గ్రాముల కొవ్వు తింటున్నారనుకోండి. అందులో 30 శాతం అంటే 18 గ్రాములు. గ్రాముకు 9 కేలరీల చొప్పున 160 కేలరీల పైచిలుకు. ఒక కప్పు అన్నంలో దాదాపు 200 ఉంటాయి. అంటే మూడు మాత్రలు వేసుకుని, ఇంత బాధపడితే, మిగిలేది ఒక కప్పు అన్నం కంటే తక్కువ! అన్నాన్ని, చక్కెర వేసిన టీని, లడ్డూని ఈ మాత్ర ముట్టుకోను కూడా ముట్టుకోదు. మన ఇళ్ళలో ఒళ్ళు పెరిగేది నూనెతో ఎంతో, పళ్ళెం నిండా పెట్టుకునే అన్నంతోనూ అంతే. ఈ సంగతి మాత్ర రాసేటప్పుడే చెప్పాలి. చాలాచోట్ల ఎవరూ చెప్పరు.

అలాగని రవి గారిలా పనికిమాలినదని నేను అనను. స్వీడన్‌లో మూడు వేల మందికి పైగా మనుషుల మీద నాలుగేళ్ళు చూసి 2004లో ఫలితాలు చెప్పారు. అందరికీ ఆహారం, నడక గురించి సలహాలిచ్చి, సగం మందికి ఈ మాత్ర, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. నాలుగేళ్ళ చివర మాత్ర వేసుకున్నవాళ్ళు సగటున 5.8 కిలోలు, ఉత్తుత్తి మాత్రవాళ్ళు 3 కిలోలు తగ్గారు. మాత్ర సొంత సంపాదన మూడు కిలోలు కూడా లేదు. కానీ మీలాగా షుగర్ అంచున ఉన్నవాళ్ళను విడిగా చూస్తే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 28.8 శాతం మందికి షుగర్ వచ్చింది, మాత్ర వేసుకున్నవాళ్ళలో 18.8 శాతం మందికే. మీ 6.1 చూశాక నేను ఆపేయమని తొందరపడి చెప్పలేకపోతున్నది ఇందుకే.

ఎంతకాలం చూడాలి అంటారా? యూరప్‌లో ఈ మందుకు ఒక నియమం ఉంది. 12 వారాల్లో మొదలుపెట్టిన బరువులో కనీసం 5 శాతం తగ్గకపోతే ఆపేయాలి. మీకు అది 4.3 కిలోలు. మీరు సగం దారిలో ఉన్నారు, రెండు తగ్గారు. ఇంకో నెలన్నర చూసి, ఆ 4.3 దాటకపోతే డాక్టర్ గారికి చెప్పి ఆపేయండి. దాటితే, షుగర్ పరీక్ష మళ్ళీ చేయించి అప్పుడు నిర్ణయం తీసుకోండి.

ఈలోపు డ్యూటీ ఎలా అన్నది అసలు ముఖ్యం. పూటకు 15 గ్రాముల కొవ్వు దాటనివ్వకండి. ఒక పెద్ద చెంచాడు నూనెంత. బస్టాండు పూరీ, మసాలా దోసె దాన్ని సునాయాసంగా దాటేస్తాయి. ఇడ్లీ, సాంబారు అయితే నూనె లేనట్టే, ఆ పూట మాత్ర వేసుకోవాల్సిన పనే లేదు. కొవ్వు లేని తిండికి ఆ మాత్ర వృథా. భోజనం మానేసిన పూట కూడా వద్దు. మా షాపులో ఇసబ్గోల్ తీసుకెళ్ళి మాత్రతో పాటు వాడినవాళ్ళు చాలామంది తేలిగ్గా ఉందని చెప్పారు. అది నూనెను పట్టి ఉంచుతుంది, దీని మీద అధ్యయనాలూ ఉన్నాయి. డాక్టర్ని అడిగి మొదలుపెట్టండి, నీళ్ళు ఎక్కువ తాగాలి.

రెండు సంగతులు మాత్రం మరిచిపోవద్దు. థైరాయిడ్ మాత్రకూ దీనికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే థైరాయిడ్ మందు ఒంటికి సరిగా పట్టదు. బరువు తగ్గడానికి వేసుకునే మాత్రే థైరాయిడ్‌ను చెడగొడితే ఏం లాభం? రెండోది, కొవ్వుతో పాటు ఎ, డి, ఇ, కె విటమిన్లు కూడా కొంత పోతాయి. మల్టీవిటమిన్ రాత్రి పడుకునే ముందు వేసుకోండి, ఆర్లిస్టాట్ వేసుకున్న రెండు గంటలు దాటాక. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఒళ్ళంతా దురద పెట్టినా అదే రోజు మాత్ర ఆపి ఆసుపత్రికి వెళ్ళండి. లివరు దెబ్బతినడం చాలా అరుదు, కానీ 2010లో అమెరికాలో ఆ హెచ్చరికను మందు కాగితంలో చేర్చారు. కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళు, రక్తం పలచబడే మందు వాడేవాళ్ళు డాక్టరుకు చెప్పకుండా దీని జోలికి పోకూడదు. గర్భిణులకు అసలే వద్దు.

ఆ వాట్సాప్ పొడి గురించి. దయచేసి వద్దమ్మా. ఏ ఇబ్బందీ లేకుండా గబగబా బరువు తగ్గించే పొడి అంటే నాకు మొదట వచ్చే అనుమానం సిబుట్రమిన్ అనే ఆకలి తగ్గించే మందు. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతోందని తేలి 2010లో యూరప్‌లో, అమెరికాలో దాన్ని ఆపేశారు, ఆ తర్వాత మన దేశంలోనూ నిషేధించారు. మూలికల పేరుతో అమ్మే పొడుల్లో, కాఫీల్లో దాన్ని రహస్యంగా కలుపుతున్నట్టు అమెరికా ఔషధ సంస్థ పరీక్షల్లో మళ్ళీ మళ్ళీ బయటపడింది. ఆర్లిస్టాట్ బట్టలు పాడుచేస్తుంది, అది కళ్ళకు కనపడుతుంది. ఆ పొడి చేసేది గుండె దగ్గర, కనపడదు.

ఇంకో మాట, మీకు సంబంధం లేకపోయినా రాస్తున్నా. పెళ్ళిచూపులు ఉన్నాయని ఇరవై ఏళ్ళ ఆడపిల్లను తీసుకొచ్చి, రెండు నెలల్లో పది కిలోలు తగ్గే మాత్ర ఇవ్వమంటారు తల్లులు. ఆ పిల్ల తల వంచుకుని గాజు సీసాల వైపు చూస్తూ ఉంటుంది. నేను ఇవ్వను. అలాంటి మాత్ర లేదు, ఉందన్నవాడిని నమ్మకండి అని చెప్పి పంపిస్తాను. కొందరు కోపంగా వెళ్ళి పక్క షాపులో అడుగుతారు. అయినా ఇవ్వను.

డాలస్ నర్సు:

నేను ఇక్కడ ఆసుపత్రిలో పనిచేస్తాను, మాది తెనాలి. అమెరికాలో ఇదే మందు సగం డోసులో, అంటే 60 మిల్లీగ్రాములు, 2007 నుంచి చీటీ లేకుండా అమ్ముతున్నారు. మొదట్లో ఆ కంపెనీయే ముదురు రంగు ప్యాంటు వేసుకోమని, ఆఫీసుకు ఇంకో జత బట్టలు తీసుకెళ్ళమని కొనేవాళ్ళకు సలహా ఇచ్చింది. కాబట్టి అక్కా, మీరు సిగ్గుపడాల్సిందేమీ లేదు.

మీ మేనకోడలు చెప్పిన ఇంజెక్షన్లు నిజంగానే గట్టివి. వాటిలో ఒకటైన సెమాగ్లూటైడ్ మీద 2021లో వచ్చిన పరీక్షలో 68 వారాలకు సగటున ఒంటి బరువులో 15 శాతం దాకా తగ్గారు. ఆకలినే తగ్గిస్తుంది, అందుకని అన్నం మీద కూడా పనిచేస్తుంది. కానీ నూనె బాధ బదులు వికారం, వాంతులు, మలబద్ధకం. పిత్తాశయంలో రాళ్ళు రావచ్చు, అరుదుగా క్లోమం వాచిపోవచ్చు. మీ ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ వచ్చి ఉంటే వాడకూడదు. మామూలు థైరాయిడ్ తక్కువైనవాళ్ళకు ఆ అడ్డు లేదు. ఆపేస్తే ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగి వచ్చిందని కూడా చూశారు. నా పేషంట్లలో ఖర్చు భరించలేక మధ్యలో వదిలేసినవాళ్ళను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మొదలుపెట్టే ముందు ఎన్నాళ్ళు కొనగలరో ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి.

ఒంగోలు కండక్టర్:

అందరికీ ధన్యవాదాలు. మందుల షాపు మేడమ్ గారూ, మీరు రాసింది మా ఆయనకు చదివి వినిపించా. ఫస్ట్ ట్రిప్పు కోసం నాలుగింటికే లేస్తా, అప్పుడే థైరాయిడ్ మాత్ర. టిఫిన్ ఎనిమిదిన్నరకు. కాబట్టి ఆ ఎడం సరిపోతుంది. పొడి వద్దని మా తోటామెకు కూడా చెప్పా, ఆమె ఇప్పటికే వాడుతోంది, గుండె దడగా ఉంటోందని అప్పుడు బయటపెట్టింది.

నూనె లెక్క చూస్తే మా నలుగురికి నెలకు ఆరు ప్యాకెట్లు అవుతున్నాయి. అది ఎక్కువా? ఇంకోటి, వచ్చే నెల మా ఆడపడుచు కూతురి పెళ్ళి. ఆ రోజు మాత్ర ఏం చేయను?

నరసరావుపేట మందుల షాపు:

ముందు ఆ తోటామె సంగతి. పొడి ఇవాళే ఆపించండి. ప్యాకెట్టు పారేయకుండా డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళి చూపించమనండి, బీపీ, ఈసీజీ చూస్తారు. దడతో పాటు ఛాతీలో నొప్పి గానీ ఆయాసం గానీ ఉంటే రేపటి దాకా ఆగొద్దు.

నూనె ఎక్కువేనమ్మా. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన పళ్ళెం లెక్కలో 2000 కేలరీలు తినే మనిషికి రోజుకు 27 గ్రాముల నూనె. నెలకు 810 గ్రాములు, లీటరు ప్యాకెట్టు కంటే కాస్త తక్కువ. మీ నలుగురికి నాలుగు ప్యాకెట్లు దాటకూడదు. నెల మొదట్లో నాలుగే కొనండి, అయిపోతే మళ్ళీ తెప్పించొద్దు. మీరు ఒక్కరే విడిగా వండుకోవాల్సిన పనిలేదు, ఇంటిల్లిపాదికీ మంచిదే.

పెళ్ళి ముందురోజు రాత్రి నుంచి మాత్ర వేసుకోకండి, మర్నాడు డ్యూటీ లేకపోయినా సరే. ఒకటి రెండు రోజులు మానేస్తే నష్టం లేదు. వేసుకుని పెళ్ళి భోజనం చేస్తే మాత్రం పట్టుచీర పాడవుతుంది. తర్వాతి రోజు పెరుగన్నంతో మొదలుపెట్టి, కొవ్వున్న పూట నుంచి మళ్ళీ వేసుకోండి. 12 వారాలకు ఎన్ని కిలోలు తగ్గారో ఇక్కడ రాయండి, చూస్తాను.