విండోస్ అనే పేరుపై హక్కు న్యాయమైనదేనా?

లినక్స్‌బాట: 2001 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ సంస్థ లినక్స్ ఆధారంగా కంప్యూటర్లకు ఆపరేటింగ్ సిస్టమ్ చేసే లిండోస్ అనే చిన్న కంపెనీ మీద సియాటిల్ ఫెడరల్ కోర్టులో దావా వేసింది. ఆ పేరు తన విండోస్‌ను పోలి ఉందని, జనం పొరబడతారని దాని ఆరోపణ. అసలు విండోస్ అన్నదే ఒకరి సొత్తు కాదని లిండోస్ ఎదురు వాదించింది. 1981లో జిరాక్స్ స్టార్, 1983లో ఆపిల్ లీసా అనే కంప్యూటర్లు తెర మీద విండోలతోనే, అంటే ఒక్కో పనిని చూపే చతురస్రపు గడులతోనే వచ్చాయి. 1984లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో పుట్టిన, తెర మీద విండోలు చూపే ఎక్స్ విండో సిస్టమ్ అనే సాఫ్ట్‌వేర్ పేరులోనే ఆ మాట ఉంది. రంగమంతా వాడుతున్న మాటను 1985 నవంబరులో విడుదలైన సరుకుకు పెట్టుకుని, దాని దరిదాపులకు ఎవరూ రాకూడదనడం నాకు అన్యాయంగా తోస్తోంది.

న్యాయపథం: మాట ముందు ఎవరు వాడారన్నది సగం ప్రశ్నే. సరుకు గుణాన్ని చెప్పే పేరైనా, ఏళ్ల తరబడి వాడకం వల్ల కొనేవారి మనసులో ఒకే సంస్థను సూచించే స్థితికి వస్తే చట్టం దాన్ని గుర్తిస్తుంది. మన 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం 9వ సెక్షన్ కూడా, దరఖాస్తు తేదీకి ముందే అలాంటి విశిష్టత సంపాదించిన పేరును తిరస్కరించరాదనే చెబుతోంది. అమెరికా ట్రేడ్‌మార్క్ కార్యాలయం 1993లో విండోస్ పేరును తిరస్కరించి, 1995లో నమోదు చేసింది.

మంజీర: ఎక్స్ విండోలో ఉన్నది ఏకవచనం. మైక్రోసాఫ్ట్ పేరు బహువచనం. రెండింటినీ ఒకే గాటన కట్టడం సరికాదు.

లినక్స్‌బాట: న్యాయపథం గారూ, మీరు గుణాన్ని చెప్పే పేరు గురించి మాట్లాడుతున్నారు, నేను వస్తువుకే చెందిన సాధారణ నామం గురించి మాట్లాడుతున్నాను. మొదటిదానికి వాడకం వల్ల హక్కు పుట్టవచ్చు, రెండోదానికి ఎంత ప్రచారం చేసినా పుట్టకూడదు. న్యాయమూర్తి జాన్ కఫ్‌నౌర్ 2002 మార్చిలో లిండోస్‌పై ఇంజంక్షన్, అంటే దావా తేలేదాకా ఆ పేరు వాడరాదనే ఆదేశం, ఇవ్వడానికి నిరాకరించారు. 2004 ఫిబ్రవరిలో ఇంకో అడుగు ముందుకేసి, విండోస్ మార్కెట్లోకి రాకముందు ఆ మాట సాధారణ నామమా కాదా అన్నదే జ్యూరీ తేల్చాలన్నారు. దాని మీద అప్పీలుకు మైక్రోసాఫ్ట్ చేసిన ప్రయత్నం ఫలించలేదు. ఆ జులైలోనే సుమారు 2 కోట్ల డాలర్లిచ్చి రాజీ పడింది, లిండోస్ పేరు లిన్‌స్పైర్‌గా మారింది. హక్కు మీద నమ్మకం ఉన్నవాడు అంత సొమ్ము ఎందుకిస్తాడు?

న్యాయపథం: రాజీ తీర్పు కాదు. నా ప్రశ్నకు మీరు జవాబివ్వండి. విండోస్ అందరి మాటే అయితే, లిండోస్ అనే పేరు ఏ కంపెనీని గుర్తుకు తేవడానికి పెట్టారు? 2002లో వాల్‌మార్ట్‌లో 199 డాలర్లకు లిండోస్ కంప్యూటర్లు అమ్మారు. అంత తక్కువ ధరకు కొనుక్కునే మనిషి ఆ పెట్టె మీది పేరు చూసి పొరబడితే నష్టపోయేది అతడే.

చిన్నకంపెనీ: హైదరాబాద్‌లో మేము కిరాణా దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. ప్రతి దుకాణదారుడి నోటా వినబడే రెండు మాటలు కలిపి దానికి పేరు పెట్టుకున్నాం. ఒక పెద్ద సంస్థ వకీలు నుంచి నోటీసు రాగానే పేరు మార్చేశాం. బిల్లు అడుగున కొత్త పేరు చూసిన పాత ఖాతాదారులు, మా కంపెనీ మూతపడి ఇంకెవరో కొనుక్కున్నారనుకుని రెన్యువల్ డబ్బులు ఆపేశారు. న్యాయం అంటే ఇదేనా?

న్యాయపథం: మీ బాధ నిజమే, అయితే దాన్ని బట్టి విండోస్ వివాదం తేలదు. నోటీసుకు జవాబిచ్చారా? నిరాధారమైన బెదిరింపు మీద దావా వేయడానికి ఆ ట్రేడ్ మార్క్స్ చట్టంలోనే 142వ సెక్షన్ ఉందన్న సంగతి ఎవరినైనా అడిగారా?

చిన్నకంపెనీ: జీతాలే నెల దాటించి ఇస్తున్న రోజుల్లో వచ్చిన కాగితం అది. ఇంట్లో కూర్చుని సెక్షన్లు అప్పజెప్పడం సులభమండీ.

లినక్స్‌బాట: ఆయనను తప్పుపట్టే ముందు మీ వాదం ఎక్కడికి తీసుకెళుతుందో చూడండి. కొనేవారి మనసులో స్థానం సంపాదించినవాడికే మాట దక్కుతుందంటే, ఆ స్థానం ప్రకటనల ఖర్చుతోనే వస్తుంది కాబట్టి, డబ్బున్నవాడు అందరి మాటనూ కొనుక్కోవచ్చని అర్థం. 1991లో, కంప్యూటర్ చిప్‌కు పెట్టిన 386 అన్న అంకె మీద ఇంటెల్‌కు హక్కు లేదని అమెరికా కోర్టు తేల్చింది. అప్పుడా సంస్థ కొత్త పేరు కల్పించుకుని 1993లో పెంటియమ్ చిప్ తెచ్చింది. మైక్రోసాఫ్ట్ కూడా ఆ పని చేసి ఉండవలసింది.

న్యాయపథం: అవును, ఖర్చు వల్లనే వచ్చినా ఆ గుర్తింపు నిజమైనదే, చట్టం దాన్ని కాపాడాలనే నా అభిప్రాయం. హోటల్ గదులు బుక్ చేసే వెబ్‌సైట్ బుకింగ్.కామ్ పేరు విషయంలో 2020లో అమెరికా సుప్రీంకోర్టు 8–1 ఆధిక్యంతో, కొనుగోలుదారులు దాన్ని ఏమని అర్థం చేసుకుంటున్నారన్నదే కొలబద్ద అంది. ఆ గుర్తింపు ఎలా వచ్చిందని వెనక్కి తవ్వుకుంటూ పోతే ఏ పేరూ నిలవదు.

లినక్స్‌బాట: నిలవకూడని పేర్లు నిలవకపోతే నష్టమేమీ లేదు. ఆ తీర్పుతో విభేదించిన న్యాయమూర్తి బ్రేయర్ పక్షానే నేనున్నాను.

చిన్నకంపెనీ: ఈ కొలబద్దలన్నీ కోర్టు మెట్లెక్కిన తరువాతి సంగతి. 142వ సెక్షన్ కింద దావా వేయాలన్నా ముందు వకీలు ఫీజు కట్టవలసింది నోటీసు అందుకున్నవాడే కదా. నోటీసు పంపినవాడే తన హక్కును తన ఖర్చుతో ముందుగా రుజువు చేసుకోవాలని చట్టంలో ఎందుకు రాయకూడదు?