హ్యాండ్ గేరు పద్మినీ: రెండు నుంచి మూడుకు పోవడం లేదు, గేర్‌బాక్స్ దించాలా?

హన్మకొండ_పద్మినీ:
అన్నలందరికీ నమస్తే. మా నాన్న నడిపిన 1984 ప్రీమియర్ పద్మినీ కారును మళ్లీ రోడ్డెక్కించే పనిలో ఉన్నాను. హ్యాండ్ గేరు బండి, అంటే గేర్ లివర్ స్టీరింగ్ దగ్గరే ఉంటుంది. టింకరింగ్, పెయింటింగ్ అయిపోయాయి, ఇంజిన్ కూడా బాగుంది. స్టీరింగ్ కాలమ్ విప్పి గేర్ రాడ్‌తో సహా పౌడర్ కోటింగ్ చేయించి బిగించారు, గేర్ల బాధ అప్పటి నుంచే మొదలైంది. ఒకటి, రెండు బిగుతుగానైనా పడుతున్నాయి. రెండు నుంచి మూడుకు పోదామంటే లివర్ మధ్యలో ఇరుక్కుని అటూ పోదు, ఇటూ రాదు, నడిరోడ్డు మీద బండి ఆపాల్సి వస్తోంది. ఎలాగో మూడు పడినా కాజీపేట బ్రిడ్జి దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలితే దానంతట అదే న్యూట్రల్‌కి వచ్చేస్తోంది. రివర్స్ వేస్తే గరగరమని చప్పుడు. ఇక్కడి మెకానిక్ గేర్‌బాక్స్ దించి విప్పాల్సిందే అంటున్నాడు. లోపలి సామాను దొరుకుతుందో లేదోనని టెన్షన్‌గా ఉంది. నిజంగా దించాలా?

కరీంనగర్_పాతబండ్లు:
తమ్మీ, ఇప్పుడే దించకు. హ్యాండ్ గేర్ల బండిలో లివర్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య చాలా సామాను ఉంటుంది, ముందు తప్పు ఏ వైపు ఉందో తేల్చుకోవాలి. ఇంజిన్ ఆపి, చక్రాలకు అడ్డం పెట్టి, గేర్‌బాక్స్ దగ్గర లింక్ రాడ్లు ఊడదీయి. అక్కడి లివర్లను చేత్తో కదిలించి చూడు. గేర్లు టక్కుమని పడుతుంటే బాక్స్ మంచిదే, జబ్బంతా పైన ఉన్నట్టు. రాడ్లు ఊడి ఉండగానే స్టీరింగ్ కింది లివర్ కూడా ఆడించు. అది ఏ పట్టూ లేకుండా తేలిగ్గా పైకీ కిందికీ, ముందుకీ వెనక్కీ కదలాలి. నువ్వు చెప్పినదాన్ని బట్టి నా అనుమానం పౌడర్ కోటింగ్ మీదే. ఆ పూత మందంగా ఉంటుంది, బుష్ (రాడ్ తిరగడానికి దాని చుట్టూ ఉండే రింగు) కూర్చునే చోట కూడా వేస్తే రాడ్ పట్టేస్తుంది. లివర్ ఒక వరస నుంచి ఇంకో వరసకు పూర్తిగా జరగకముందే నువ్వు గేరు లాగుతున్నావు కాబట్టి మధ్యలో ఇరుక్కుంటోంది. బుష్ తిరిగే చోట మాత్రం పూత గీకించి, నున్నగా చేసి, గ్రీజు పెట్టు.

ఇంకొకటి, రోడ్డు మీద ఇరుక్కుంటే లివర్‌ను బలవంతంగా గుంజకు, రాడ్ వంగుతుంది. ఇంజిన్ ఆపి బానెట్ ఎత్తి, కింది లివర్లను చేత్తో న్యూట్రల్‌కి తెచ్చుకుంటే బండి కదులుతుంది.

మంచిర్యాల_డ్రైవర్:
అన్న చెప్పింది కరెక్టు. మూడో గేరు జారిపోవడానికి మాత్రం ఇంజిన్ మౌంటింగులు, గేర్‌బాక్స్ మౌంటింగ్ చూడండి. స్టీరింగ్ కాలమ్ బాడీకి బిగించి ఉంటుంది, గేర్‌బాక్స్ రబ్బరు మీద కూర్చుని ఉంటుంది. రబ్బరు కుంగితే యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా ఇంజిన్ ఊగి రాడ్డును లాగేస్తుంది, సగమే పడిన గేరు ఊడొస్తుంది. బానెట్ తెరిచి ఎవరినైనా రేస్ ఇచ్చి వదలమనండి, ఇంజిన్ ఎంత ఊగుతోందో కంటికే కనిపిస్తుంది. పాత రబ్బరు పైకి బాగానే ఉన్నట్టు ఉంటుంది కానీ నూనె తాగి మెత్తబడుతుంది.

ఆయిల్ ఏది పోశారో కూడా అడిగి తెలుసుకోండి. గేర్లు గరగరలాడకుండా పడేలా చేసే సింక్రో రింగులు ఇత్తడివి, జీఎల్-5 రకం గేర్ ఆయిల్‌లో కలిపే కొన్ని రసాయనాలు ఇత్తడిని తినేస్తాయి. జీఎల్-4 రకమే అడిగి పోయించండి. ఒకటో గేరుకు, రివర్స్‌కు సింక్రో లేదు కాబట్టి బండి పూర్తిగా ఆగాకే వేయాలి.

హన్మకొండ_పద్మినీ:
రాడ్లు ఊడదీసి చూశాం అన్నా, గేర్‌బాక్స్ దగ్గర నాలుగు గేర్లూ, రివర్సూ చేత్తోనే హాయిగా పడ్డాయి! కాలమ్ రాడ్డే పట్టేసి ఉంది, బుష్ దగ్గర పూత పొరలు పొరలుగా ఊడొచ్చింది. కింది బుష్ కూడా అరిగి గుడ్డు ఆకారంలోకి వచ్చింది. కొత్తది దొరకకపోతే ఎలా? రాడ్ పొడవు ఎంత పెట్టాలి?

కరీంనగర్_పాతబండ్లు:
సంతోషం తమ్మీ. బుష్ కోసం సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అడిగి చూడు, లేకపోతే ముంబై నుంచి తెప్పించు. అక్కడ 2023 అక్టోబరు దాకా పద్మినీ ట్యాక్సీలు తిరిగాయి, పాత సామాను ఇంకా ఉంటుంది. అదీ కాదంటే మీ వరంగల్‌లోనే లేత్ షాపులో గన్‌మెటల్‌తో (ఒక రకం కంచు) చేయించు. రాడ్ పట్టుకెళ్లి దాని మీదే కొలిపించాలి, అరిగిన బుష్‌ను కొలిచి చేస్తే కొత్తది కూడా వదులుగానే వస్తుంది.

రాడ్ పొడవుకు కొలత వెతకొద్దు. గేర్‌బాక్స్ న్యూట్రల్‌లో, పై లివర్ న్యూట్రల్‌లో పెట్టి, ఒకరు పైన పట్టుకోవాలి. రాడ్ చివర ఉన్న మరను తిప్పుతూ ఏ బలమూ లేకుండా రంధ్రంలో దానంతట అదే కూర్చునేలా చేసి లాక్ నట్ బిగించండి. తర్వాత ఇంజిన్ ఆపి అన్ని గేర్లూ వేసి చూడు, ప్రతి గేరు చివరిదాకా పడుతోందా లేదా పైనుంచి కాదు, కిందికి వంగి చూడాలి.

రివర్స్ గరగర ఆ తర్వాత కూడా ఉంటే క్లచ్ పూర్తిగా విడవట్లేదన్నమాట. ఇంజిన్ ఆపితే మెత్తగా, నడుస్తుంటే గరగరమంటూ పడితే ఇక అనుమానమే లేదు. క్లచ్ పెడల్ ఫ్రీ ప్లే, అంటే క్లచ్ పని మొదలెట్టకముందు పెడల్‌కు ఉండే ఖాళీ ఆట, ఎక్కువైందేమో సరిచేయించు, కానీ అసలు ఆట లేకుండా బిగించొద్దు, క్లచ్ ప్లేటు కాలిపోతుంది. అప్పటిదాకా బండి ఆగాక ఒకసారి మూడో గేరు వేసి తీసి రివర్స్ వేయి, లోపలి షాఫ్టు ఆగిపోతుంది కాబట్టి చప్పుడు లేకుండా పడుతుంది.